మిస్డ్ కాల్ ఇచ్చే చిప్పు: పన్నెండు బటన్లలో ముందు నొక్కింది ఎవరో ఎలా తేలుతుంది?

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, బజార్లో రెండూ కలిపి కొట్టేస్తాం. 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్ళిపోయినా మాట మాత్రం మహేంద్రతనయ ఏటికి ఇవతలా అవతలా ఒకటే. ఇక్కడ ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం అంటే మాకు కొంచెం ఎక్కువే, ఎందుకంటే గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసింది ఈ ఊళ్ళోనే, మాట్లాడే భాషలోనే రాయాలని పోట్లాట మొదలెట్టింది కూడా ఇక్కడి నుంచే. అందుకని ఇది కూడా మాట్లాడినట్టే రాస్తాను, తప్పుంటే పంతులుగారి మీద తోసేయండి.

విషయం ఏంటంటే ఆ రోజు పిల్లలకి క్విజ్ పెడదాం అనుకున్నారు, పన్నెండు మంది పిల్లలు, ఒక్కొక్కరి ముందు ఒక బటన్, ఎవరు ముందు నొక్కితే వాళ్ళ దీపం వెలగాలి. నాకు టీవీలూ ఇన్వర్టర్లూ బాగుచేసే షాపు ఉంది, ఆర్డ్వినో అనే చిన్న ప్రోగ్రాం బోర్డుతో చిన్న చిన్నవి చేస్తుంటాను అని అందరికీ తెలుసు కాబట్టి పని నా నెత్తిన పడింది. ఏముందిలే, బటన్లే కదా అనుకున్నాను. క్విజ్ సగం అయ్యేసరికి పదకొండో సీట్లో కుర్రాడు లేచి నిలబడి "ఏటి సార్, నాను ముందు నొక్కేసినాను కదా, మళ్ళీ ఆడిదే ఎలిగింది" అన్నాడు. పిల్లలు అలాగే అంటారులే అని నవ్వేశాం. ఇంటికొచ్చి రాత్రి నా ప్రోగ్రాం చూసుకుంటే తెలిసింది, వాడు చెప్పింది నిజం. నా డబ్బా ఒకటో నంబర్ పిల్లకి పక్షపాతం చూపిస్తోంది. ఈ వ్యాసం మొత్తం ఆ పక్షపాతం ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా పోయింది అన్నదాని గురించే.

ముందు పిన్నుల లెక్క, అంటే బోర్డు మీద వైర్లు తగిలించే చోట్ల లెక్క. ఆర్డ్వినో ఊనో మీద డిజిటల్ పిన్నులు 14, అనలాగ్ 6, అన్నీ కలిపి 20. అందులో 0, 1 కంప్యూటర్‌తో మాట్లాడ్డానికి పోతాయి, ఏ4, ఏ5 రెండూ ఐటూసీకి, అంటే చిప్పులతో మాట్లాడే రెండు వైర్ల పద్ధతికి పోతాయి. మిగిలినవి 16. నాకు బటన్లు 12, దీపాలు 12, క్విజ్ మాస్టర్ దగ్గర "రైట్, రాంగ్, మళ్ళీ మొదలు" అని ఇంకో 3. చాలవు. మెగా బోర్డు కొంటే 54 పిన్నులు వస్తాయి, ఈ గొడవంతా ఉండేది కాదు, అది నాకూ తెలుసు. కానీ డ్రాయర్లో ఊనో ఉంది, పక్కనే ఎప్పుడో తెప్పించుకున్న ఎంసీపీ23017 చిప్పులు రెండున్నాయి, ఉన్నదాంతో కానిచ్చేద్దాం అన్న బుద్ధి మనది.

ఎంసీపీ23017 అంటే మైక్రోచిప్ కంపెనీ చేసే ఇన్‌పుట్ ఔట్‌పుట్ ఎక్స్‌పాండరు. పిన్నులు చాలనప్పుడు తగిలించుకునేది. 28 కాళ్ళు. అందులో 16 కాళ్ళు మనవి, వాటిని ఎనిమిదేసి చొప్పున పోర్ట్ ఏ, పోర్ట్ బీ అంటారు. మైక్రోకంట్రోలర్‌కి, అంటే ఆర్డ్వినో బోర్డు మీదున్న బుర్రకి, మాత్రం రెండే వైర్లు, డేటా ఒకటి, క్లాక్ ఒకటి. అదే ఐటూసీ, ఫిలిప్స్ వాళ్ళు 1980ల్లో టీవీల లోపల చిప్పులు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోడానికి తెచ్చిన పద్ధతి. నేను బాగుచేసే పాత టీవీల్లో రోజూ కనపడేదే, దానికి ఇన్ని వేషాలున్నాయని మాత్రం ఈ క్విజ్ అయ్యేదాకా తెలీదు.

అందరూ చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది, నేనూ చేశాను. ఎక్స్‌పాండర్ పెడితే నాకు ఇంకో 16 పిన్నులు వచ్చాయి అనుకుంటాం. రాలేదు. మైక్రోకంట్రోలర్ సొంత పిన్ను అంటే మనింటి గుమ్మం లాంటిది, తల తిప్పితే ఎవరొచ్చారో కనపడుతుంది. ఎక్స్‌పాండర్ మీదున్న పిన్ను అంటే ఏటవతల పాతపట్నంలో మావయ్య వాళ్ళ ఇంటి గుమ్మం. అక్కడ ఎవరున్నారో తెలియాలంటే మావయ్యకి ఫోన్ చేయాలి, ఆయన ఎత్తాలి, మనం అడగాలి, ఆయన చూసి చెప్పాలి. ఆయన చెప్పేటప్పటికి అది అప్పటి సంగతి, ఇప్పటిది కాదు. తేడా చిన్నదే, కానీ ఎవరు ముందు అన్న ప్రశ్నకి ఆ చిన్న తేడాలోనే జవాబు ఉంటుంది.

ఎంత చిన్నదో లెక్క వేద్దాం. ఐటూసీ మామూలు స్పీడు సెకనుకి లక్ష క్లాకులు, అంటే ఒక బిట్‌కి, ఒక 0 లేదా 1కి, 10 మైక్రోసెకన్లు. ఒక బైట్ పంపాలంటే 8 బిట్లు, అవతలివాడు ఊఁ కొట్టడానికి ఒకటి, మొత్తం 9, అంటే 90 మైక్రోసెకన్లు. ఒక పోర్ట్ చదవాలంటే చిప్పు అడ్రస్, ఏ రిజిస్టర్ (చిప్పు లోపలి గడి) కావాలో దాని నంబరు, మళ్ళీ అడ్రస్, అప్పుడు జవాబు. నాలుగు బైట్లు. 360 మైక్రోసెకన్లు, ముందూ వెనకా కలుపుకుంటే ఇంకొంచెం.

ఇప్పుడు నేను రాసిన ప్రోగ్రాం చూడండి. లైబ్రరీలో, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాంలో, ఒక్కో పిన్నుని విడివిడిగా చదివే ఫంక్షన్ ఉంటుంది, అచ్చం ఆర్డ్వినో సొంత పిన్ను చదివినట్టే కనపడుతుంది, అదే దాని మాయ. ఒకటి నుంచి పన్నెండు దాకా ఒక లూపు పెట్టి ఒక్కో బటన్ చదివి, నొక్కి ఉన్నది దొరకగానే "వీడే విజేత" అని లూపులోంచి బయటకి వచ్చేశాను. అంటే మావయ్యకి ఫోన్ చేసి "మొదటి గదిలో ఎవరైనా ఉన్నారా" అని అడిగి పెట్టేసి, మళ్ళీ ఫోన్ చేసి "రెండో గదిలో" అని, ఇలా పన్నెండు సార్లు. పైగా మావయ్య ప్రతి ఫోన్‌కీ ఎనిమిది గదులూ చూసే చెప్తాడు, నేనే అందులో ఒకటి ఉంచుకుని ఏడు పారేస్తున్నాను! పన్నెండు ఫోన్లకి నాలుగున్నర మిల్లీసెకన్ల పైన.

అదొక్కటే అయితే పెద్ద నష్టం లేదు. బటన్ వణుకు (దాని సంగతి కింద చెప్తాను) ఆగడానికని లూపు చివర 50 మిల్లీసెకన్ల డిలే కూడా పెట్టేశాను, ఎక్కడో చూసిన అలవాటు. దాంతో నా డబ్బా 50 మిల్లీసెకన్లు కళ్ళు మూసుకుంటుంది, తెరిచి ఒకటి నుంచి లెక్క మొదలెడుతుంది. ఆ మూసుకున్న టైంలో పదకొండో వాడు ముందు నొక్కి, 30 మిల్లీసెకన్ల తర్వాత ఒకటో పిల్ల నొక్కితే, కళ్ళు తెరిచేసరికి ఇద్దరి వేళ్ళూ బటన్ మీదే ఉన్నాయి, లెక్క ఒకటి నుంచి మొదలు కాబట్టి దీపం ఒకటిదే. ఒక విషయం చూసి బటన్ నొక్కడానికి మనిషికి పట్టేది సుమారు 200 మిల్లీసెకన్లు, తెలివైన పిల్లలిద్దరి మధ్య తేడా 30, 40 ఉండటం మామూలే. సీటు నంబర్ చిన్నదైతే చాలు గెలవడానికి. దీంట్లో ఇంకో విడ్డూరం, ఒక్కోసారి ఇది తిరగబడుతుంది కూడా. ఒకటో బటన్ చదవడం అయిపోయిన మరుక్షణం ఒకటో పిల్ల నొక్కి, ఇంకో మూడు మిల్లీసెకన్లకి పదకొండో వాడు నొక్కితే, లూపు అప్పటికి పదకొండు దాకా వస్తూ ఉంటుంది కాబట్టి వాడు గెలుస్తాడు. అంటే పక్షపాతం కూడా నిలకడగా లేదు.

సరే, మందు ఏంటి? మొదటి మందు సులువు. బటన్ని చదవడం మానేసి పోర్టుని చదవాలి. మావయ్యకి ఒక్క ఫోన్ చేసి "మొత్తం ఇల్లు ఎలా ఉందో చెప్పు" అనాలి. ఎంసీపీ23017లో రిజిస్టర్లు వరసగా ఉంటాయి, ఏ పోర్ట్ విలువ హెక్స్‌లో (పదహార్ల లెక్కలో) 12, బీ పోర్ట్ విలువ 13, మనం 12 అడిగి రెండు బైట్లు కావాలంటే అదే ముందుకు జరిగి రెండూ ఇచ్చేస్తుంది. ఐదు బైట్లు, దగ్గర దగ్గర అర మిల్లీసెకను, క్లాక్ 400 కిలోహెర్ట్జ్‌కి పెంచితే ఎనిమిదో వంతు మిల్లీసెకను. పదహారు బిట్లు ఒకే చేతిలో. రెండు బైట్లూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి మధ్యలో ఒక బైట్ టైం తేడా ఉంటుంది, అది మన వేలికి తెలిసేది కాదు.

ఇలా తీసుకున్న పదహారు బిట్లని ఒక ఫోటో అనుకోండి. ఇప్పటి ఫోటో, ఇందాకటి ఫోటో పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూడటమే బటన్ చదవడం అంటే. దీనికి ఎక్స్‌ఆర్ అనే లెక్క ఉంది, రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1. ఆరు బటన్లతో చూస్తే, ఇందాక 111111, ఇప్పుడు 110111, ఎక్స్‌ఆర్ చేస్తే 001000. కుడి నుంచి నాలుగో బటన్ మారింది. బటన్లు నేలకి (గ్రౌండ్‌కి) కలిపి ఉంటాయి కాబట్టి వదిలి ఉంటే 1, నొక్కితే 0, కొత్తవాళ్ళని తికమక పెట్టేది ఇదే. అందుకని మారిన బిట్లలో ఇప్పుడు 0గా ఉన్నవి కొత్తగా నొక్కినవి, 1గా ఉన్నవి ఇప్పుడే వదిలినవి. ఈ తలకిందులు నచ్చకపోతే చిప్పులోనే పొలారిటీ రిజిస్టర్ ఒకటి ఉంది, దాంట్లో 1లు రాస్తే చదివేటప్పుడు తిప్పి ఇస్తుంది. నేను వాడలేదు, నాలుగు నెలల తర్వాత ప్రోగ్రాం తెరిచినప్పుడు ఎక్కడ తిప్పానో నాకే గుర్తుండదని.

ఇద్దరి బిట్లూ ఒకే ఫోటోలో మారితే అది టై, అంతే. లూపులో ముందు వచ్చినవాడికి ఇచ్చేస్తే అది మళ్ళీ పాత పక్షపాతమే.

వణుకు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బటన్ లోపల రేకు తగలగానే కదలకుండా కూర్చోదు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది, నేల మీద పడిన స్టీలు గ్లాసులాగ. మెనూ బటన్ అయితే, అంటే ఒక నొక్కుకి ఒక అంకె పెరగాలి లాంటి చోట, 5 మిల్లీసెకన్లకో ఫోటో తీసి వరసగా మూడు నాలుగు ఫోటోల్లో బిట్ ఒకేలా ఉంటేనే నమ్మాలి. క్విజ్ బటన్లకి ఇది వద్దు. గ్లాసు ఎన్నిసార్లు ఎగిరినా మొదటి చప్పుడు అది నేలకి తగిలినప్పటిదే కదా, కాబట్టి మొదటి మార్పునే తీసుకుని ఆ రౌండ్‌కి తలుపు మూసేయడమే, తర్వాత అది ఎంత వణికితే మనకేం. డిలే అన్న మాటే అక్కర్లేదు. నేను ఆ 50 పెట్టింది, జ్వరం లేనోడికి జ్వరం మాత్ర వేసినట్టు.

ఇంతవరకు చేస్తేనే కుర్రాడి ఫిర్యాదు తీరిపోతుంది, నిజానికి. మిల్లీసెకనుకి ఒక ఫోటో చాలు క్విజ్‌కి. కానీ నా డబ్బాకి వేరే పనులున్నాయి, ఎల్‌సీడీ మీద ప్రశ్న నంబర్ రాయాలి, మార్కులు కలపాలి. ఎల్‌సీడీ కూడా ఐటూసీ మీదే, దాని వెనక అంటించే నీలం బోర్డు మీద ఉండేది కూడా ఒక ఎక్స్‌పాండరే, పీసీఎఫ్8574 అని. ఒక లైను రాయడానికి చాలా మిల్లీసెకన్లు తింటుంది. ఆ టైంలో ఫోటో తీసేవాడు లేడు. అందుకే మిస్డ్ కాల్.

ఎంసీపీ23017కి ఇంటరప్ట్ కాళ్ళు, అంటే చేస్తున్న పని ఆపి ఇటు చూడు అని ఆర్డ్వినోకి చెప్పేవి, రెండున్నాయి, ఇంట్‌ఏ, ఇంట్‌బీ. పోర్ట్ ఏ మీద ఏదైనా మారితే ఇంట్‌ఏ కిందకి పడుతుంది, బీ మీద మారితే ఇంట్‌బీ. ఏం మారిందో చెప్పదు, మారింది అని మాత్రమే చెప్తుంది. మనం చిన్నప్పుడు ఫోన్లో బ్యాలెన్స్ లేక మిస్డ్ కాల్ ఇచ్చుకునేవాళ్ళం చూడండి, అదే. మిస్డ్ కాల్ వచ్చిందంటే మావయ్య ఇంట్లో ఏదో అయింది, నువ్వే తిరిగి ఫోన్ చేసి కనుక్కో అని.

తిరిగి ఫోన్ చేసేలోపు ఆ వచ్చినవాడు వెళ్ళిపోతే? ఈ చిప్పు మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. ఏదైనా పిన్ను మారిన క్షణంలో ఆ పోర్ట్ మొత్తం ఎలా ఉందో ఇంట్‌క్యాప్ అనే రిజిస్టర్లో రాసి పెట్టుకుంటుంది. మావయ్య మిస్డ్ కాల్ ఇచ్చే ముందు గోడ మీద క్యాలెండర్లో పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నట్టు. మనం వచ్చి అది చదివేదాకా, లేదా పోర్ట్‌ని చదివేదాకా, ఆ గీత మారదు, తర్వాత ఎంతమంది నొక్కినా సరే. అంటే నా ఆర్డ్వినో ఎల్‌సీడీ రాస్తూ 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా, మొదట నొక్కింది ఎవరో చిప్పు దగ్గర భద్రంగా ఉంటుంది. ఏ పిన్ను వల్ల మిస్డ్ కాల్ వచ్చిందో ఇంకో రిజిస్టర్, ఇంట్‌ఎఫ్, చెప్తుంది.

పీసీఎఫ్8574కి కూడా ఇంటరప్ట్ కాలు ఉంది కానీ గీసి పెట్టుకునే అలవాటు లేదు. బటన్ నొక్కి వదిలేస్తే, అంటే పిన్ను పాత స్థితికి వచ్చేస్తే, మిస్డ్ కాల్ కూడా మాయమైపోతుంది. చవక, సులువు, కీప్యాడ్‌కి సరిపోతుంది, పందేలకి మాత్రం పనికిరాదు. ఇంకోటి, దానికి ఇన్‌పుట్, ఔట్‌పుట్ అని వేరే మోడ్ లేదు, చదవాలంటే ముందు ఆ పిన్నుల మీద 1 రాసి ఉంచాలి. ఇది తెలీక అన్నీ సున్నాలే వస్తున్నాయని చిప్పుని పారేసినవాళ్ళుంటారు.

సరే ఇంట్‌క్యాప్ దొరికింది కదా అని పన్నెండు బటన్లూ తగిలించేస్తే మళ్ళీ ఒక మెలిక. క్యాలెండర్లు రెండు. పోర్ట్ ఏకి ఒకటి, పోర్ట్ బీకి ఒకటి. ముందువైపు గదులు మావయ్య చూస్తాడు, పెరటివైపు గదులు అత్తయ్య చూస్తుంది, ఎవరి క్యాలెండర్ వాళ్ళది, ఎవరూ టైం రాయరు. మూడో పిల్ల ఏ మీద, పదకొండో వాడు బీ మీద ఉంటే, రెండు క్యాలెండర్లలోనూ గీతలుంటాయి, ఏ గీత ముందుదో వాటిని చూసి చెప్పలేం. చిప్పులో మిర్రర్ అని ఒక సెట్టింగ్ ఉంది, అది పెడితే రెండు ఇంటరప్ట్ కాళ్ళూ కలిసి పనిచేస్తాయి, ఒక వైరు మిగులుతుంది, చాలామంది ఉదాహరణల్లో అదే చూపిస్తారు. నా పనికి అది శుద్ధ దండగ. మావయ్య, అత్తయ్య ఒకే ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇస్తే ఎవరిచ్చారో నాకెలా తెలుస్తుంది?

విడివిడిగా ఉంచితే జవాబు నా ఫోన్లోనే ఉంది, కాల్ లాగ్‌లో టైంతో సహా. ఊనోలో బయటి ఇంటరప్ట్‌కి పనికొచ్చే పిన్నులు సరిగ్గా రెండే, 2, 3. ఇంట్‌ఏని 2కి, ఇంట్‌బీని 3కి కలిపాను. మిస్డ్ కాల్ రాగానే నడిచే చిన్న ఫంక్షన్లో చేసేది ఒక్కటే పని, అప్పటి మైక్రోసెకన్ల గడియారం చూసి రాసుకోవడం. ఊనోలో ఆ గడియారం 4 మైక్రోసెకన్లకోసారి కదులుతుంది, మనకి అది మహాప్రసాదం. తర్వాత తీరిగ్గా లూపులోకి వచ్చి రెండు ఇంట్‌క్యాప్‌లూ చదివి, ఏ వైపు టైం ముందుదో ఆ వైపు క్యాలెండర్లో ఉన్నవాడు విజేత. ఎప్పుడు అన్నది నా దగ్గర, ఎవరు అన్నది చిప్పు దగ్గర. ఈ రెంటినీ విడదీయకుండా ఒకే ఫోన్ కాల్లో తేల్చేయాలనుకోవడమే నేను మొదట చేసిన తప్పు.

ఆ చిన్న ఫంక్షన్లోనే చిప్పుని చదివేద్దాం అని మాత్రం అనుకోకండి. ఊనోలో ఐటూసీ లైబ్రరీ తన పని తాను ఇంటరప్ట్‌లతోనే చేసుకుంటుంది, ఒక ఇంటరప్ట్ లోపల ఉన్నంతసేపు వేరే ఇంటరప్ట్‌లు ఆగిపోతాయి, కాబట్టి అది జవాబు కోసం చూస్తూ ఉండిపోతుంది, జవాబు ఎప్పటికీ రాదు, బోర్డు బిగుసుకుపోతుంది. టైం రాసుకునే వేరియబుల్‌కి వోలటైల్ అని పెట్టాలి, లేకపోతే కంపైలర్ (ప్రోగ్రాంని బోర్డు భాషలోకి మార్చేది) దాన్ని ఎవరూ మార్చరనుకుని పాత విలువే వాడేస్తుంది. ఆ టైం నాలుగు బైట్లు, ఊనో ఒక్కో బైట్ చొప్పున తీసుకుంటుంది, అందుకని లూపులో దాన్ని చదివే ఆ రెప్పపాటు ఇంటరప్ట్‌లు ఆపి చదవాలి.

నాకు ఒక సాయంత్రం మొత్తం తినేసిన తప్పు వేరే ఉంది. కరెంటు పెట్టగానే ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి ఒక వైపు ఒక్క బటన్ కూడా పనిచేయదు. కారణం, ఆర్డ్వినో తయారయ్యేలోపు ఎవరో బటన్ మీద చెయ్యి పెట్టి ఉంటారు, మిస్డ్ కాల్ అప్పటికే వచ్చేసి ఇంట్‌ఏ కింద పడి ఉంది. నేను చూస్తున్నది పైనుంచి కిందకి పడే క్షణం కోసం. కింద పడి ఉన్నది మళ్ళీ ఎలా పడుతుంది? ఎవరూ చదవరు కాబట్టి అది పైకి లేవదు, లేవదు కాబట్టి పడదు, పడదు కాబట్టి ఎవరూ చదవరు. ఇద్దరూ ముందు నువ్వు తిను అంటే నువ్వు తిను అని పళ్ళెం ముందు కూర్చున్నట్టు. సెటప్ అయిపోయాక ఒకసారి, ప్రతి రౌండ్ మొదట్లో ఒకసారి పోర్టులు రెండూ ఊరికే చదివి పారేస్తే పైకి లేస్తుంది. అలా చదివినప్పుడు ఎవరైనా ముందే నొక్కి పట్టుకుని ఉన్నారా అన్నది కూడా తెలిసిపోతుంది, ఉంటే ఎల్‌సీడీ మీద "చేతులు తీయండి" అని వస్తుంది, అందరూ వదిలేదాకా రౌండ్ మొదలవదు. ఇది లేకపోతే గొడవ, ఎందుకంటే వదలడం కూడా మార్పే, దానికీ మిస్డ్ కాల్ వస్తుంది, క్యాలెండర్లో ఎవరూ లేని గీత పడుతుంది, ఆ గీత చెరిపేలోపు నిజంగా నొక్కినవాడికి చోటుండదు.

ఇక వైర్ల సంగతి. బల్లలు స్టేజీ నుంచి ఎనిమిది పది మీటర్లు. ఐటూసీ వైర్లే లాగి చిప్పుని పిల్లల మధ్య పెడదామా అనిపించింది, కానీ ఆ బస్ (ఐటూసీ వైర్ల జత) మీద మొత్తం కెపాసిటెన్స్, అంటే వైర్లు చార్జ్ పట్టి ఉంచే గుణం, 400 పికోఫారడ్లు దాటకూడదని రూలు, పది మీటర్ల కేబుల్ ఒక్కటే ఆ హద్దు దాటేయగలదు. అందుకని చిప్పు ఆర్డ్వినో పక్కనే, బటన్ వైర్లు పొడుగు. ఇప్పుడు ఆ పొడుగు వైర్లు ఏరియల్ లాగ పనిచేస్తాయి. చిప్పు లోపల పులప్ రెసిస్టర్లు, అంటే నొక్కనప్పుడు పిన్నుని 1 దగ్గర పట్టి ఉంచేవి, ఉన్నాయి కానీ అవి లక్ష ఓములు, చేతిలో సన్నటి దారం పట్టుకుని ఎద్దుని ఆపినట్టు. హాల్లో పాత ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే చాలు ఏడో నంబర్ దీపం వెలిగేది, ఎవరూ నొక్కకుండానే. ప్రతి బటన్‌కీ బయట 4.7 కిలో ఓముల రెసిస్టర్ 5 వోల్టులకి, చిప్పు దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ నేలకి, వైరుకి వరసలో 100 ఓములు పెట్టాక ఆగింది. కెపాసిటర్ పెడితే ఆలస్యం అవదా అని అడుగుతారు, నొక్కినప్పుడు అది ఆ 100 ఓముల గుండా ఖాళీ అవుతుంది, పది మైక్రోసెకన్ల లెక్క. వదిలినప్పుడే 4.7 కిలో గుండా నిండాలి, అర మిల్లీసెకను పడుతుంది, వదలడం ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు.

చిప్పు కాళ్ళ గురించి మూడు మాటలు. రీసెట్ కాలు, 18వది, గాల్లో వదిలేయకూడదు, 5 వోల్టులకి కట్టాలి. నేను వదిలేశాను, ఫ్యాన్ తిప్పినప్పుడల్లా చిప్పు అన్నీ మర్చిపోయి పుట్టినప్పటి స్థితికి వెళ్ళిపోయేది. అడ్రస్ కాళ్ళు మూడు, అవీ గాల్లో ఉండకూడదు. మూడూ నేలకి కడితే అడ్రస్ హెక్స్‌లో 20, మూడూ పైకి కడితే 27. ఎల్‌సీడీ వెనక బోర్డు కూడా చాలావాటికి 27తోనే వస్తుంది. రెండూ ఒకే పేరుకి పలికితే ఏమవుతుందో ఊరిపెద్దల సభలో ఒకే పేరున్న ఇద్దరు అన్నదమ్ముల్ని పిలిచి చూడండి.

మూడోది చాలామందికి తెలీదు. పదహారు కాళ్ళూ ఇన్‌పుట్‌కి వాడుకోవచ్చని ఏళ్ళ తరబడి అందరం అనుకున్నాం, ఇప్పుడున్న డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో) మాత్రం పోర్ట్ ఏలో ఆఖరిది, పోర్ట్ బీలో ఆఖరిది, అంటే జీపీఏ7, జీపీబీ7, ఔట్‌పుట్‌కే వాడమని ఉంది. వాటిని ఇన్‌పుట్‌గా పెడితే, చదువుతున్న సమయంలోనే ఆ పిన్ను మారినప్పుడు డేటా లైను పాడయ్యే అవకాశం ఉందని. వాడినా పనిచేస్తున్నట్టే కనపడుతుంది, ఎప్పుడో ఒకసారి బస్ వేలాడిపోతుంది. కాబట్టి బటన్లకి దక్కేవి పద్నాలుగే. నేను ఏ మీద ఆరు, బీ మీద ఆరు పెట్టి, పోటీదారులు కాని క్విజ్ మాస్టర్ బటన్లని ఊనో సొంత పిన్నులకే ఇచ్చేశాను. దీపాలకి రెండో చిప్పు.

ఇంత చదివాక అసలు ఇదంతా అవసరమా అంటే, బటన్లు చదవడం ఒక్కటే కావాలనుకుంటే 74హెచ్‌సీ165 అనే షిఫ్ట్ రిజిస్టర్ ఇంకా చవక, ఒక్క సిగ్నల్ ఇస్తే ఎనిమిది బటన్ల ఫోటో ఒకేసారి లోపల బంధించి వరసగా బయటకి పంపుతుంది, ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోవచ్చు, అడ్రస్‌ల గొడవ లేదు, ఐటూసీ కంటే చాలా వేగం. మిస్డ్ కాల్ మాత్రం ఇవ్వదు, మనమే అడుగుతూ ఉండాలి. మళ్ళీ చేయాల్సి వస్తే నేను బహుశా అదే వాడతాను, మిల్లీసెకనుకోసారి టైమర్‌తో ఫోటో తీస్తూ. అడ్డం నిలువు వైర్లతో కీప్యాడ్‌లాగ మ్యాట్రిక్స్ కట్టమని కూడా ఒకరు సలహా ఇచ్చారు, అందులో ముగ్గురు ఒకేసారి నొక్కితే ఒక్కోసారి నొక్కని నాలుగోవాడు కూడా నొక్కినట్టు కనపడతాడు, ప్రతి బటన్‌కీ డయోడ్ పెట్టకపోతే. క్విజ్‌లో అలాంటి దయ్యాలొద్దు.

అన్నీ సరిచేశాక పదకొండో సీటు కుర్రాణ్ణి షాపుకి పిలిచాను, వాడి చెల్లిని కూడా తెచ్చుకున్నాడు, ఇద్దరూ గంటసేపు నొక్కీ నొక్కీ చూశారు. ప్రతిసారీ రెండు వైపుల టైమూ తేడాతో సహా కంప్యూటర్ తెర మీద పడుతుంటే వాడికి దీపం కంటే ఆ అంకెలే నచ్చాయి. చెల్లికి ఒకటో నంబర్ ఇచ్చి వాడు పదకొండు తీసుకున్నాడు, ఓడిపోయినప్పుడల్లా "సార్, వైర్లు మార్సి మళ్ళీ ఎట్టండి" అన్నాడు. మార్చి పెట్టాను. అయినా చెల్లే గెలిచింది.